మామిడి చెట్టు గూళ్లు కట్టేసింది, కొట్టేయమంటున్నారు: ఏం చేయాలి?

విశాఖపట్నం దగ్గర పెందుర్తి నుంచి అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ. పెరట్లో పన్నెండేళ్ల సువర్ణరేఖ మామిడి చెట్టు ఉంది. దసరా దాటాక కొమ్మల చివర ఆకులు గుత్తులు గుత్తులుగా ఎండిపోయి, వాటి మీద తెల్లటి బూజులాంటి దారాలు కనిపించాయి. ఇప్పుడు కార్తీకం వచ్చేసరికి సగం చెట్టు అలాగే తయారైంది. పక్కింటివాళ్లు సాలీళ్లంటున్నారు. ఒకాయన కిరోసిన్ గుడ్డ కట్టి కాల్చేయమన్నారు. ఇంకొకరు చెట్టు పోయినట్టే, కొట్టించేయండి అన్నారు. ఇంట్లో చిన్నపిల్లలున్నారు, టెన్షన్‌గా ఉంది. చెట్టు ఫోటో పంపుతున్నాను. ఏ మందు కొట్టాలి?

ముందు సమాధానం చెప్పేస్తాను, కారణాలు తర్వాత. చెట్టు కొట్టించకండి, అది చావదు. మీరు చూస్తున్నది సాలీడు కాదు, మామిడి గూడు పురుగు. చిన్న బూడిదరంగు రెక్కల పురుగు పెట్టిన గుడ్ల నుంచి వచ్చిన పిల్ల పురుగులు అవి. గూళ్లను దోటితో కోసి దించి, చెట్టు దగ్గర లేకుండా తీసేయండి. గూడు విప్పకుండా ఏ మందూ కొట్టకండి. మందు అవసరమైతే అది రెండో పని. పెరటి చెట్టుకు అయితే వేపనూనో, పురుగును చంపే బ్యాక్టీరియా ఉన్న బీటీ పొడో చాలు. నిప్పు మాత్రం అసలు వద్దు.

నేను ఇరవై ఏడేళ్లుగా ఆనందపురం, పద్మనాభం, సబ్బవరం వైపు మామిడి, జీడిమామిడి తోటల్లో పని చేస్తున్నాను. మొదట్లో తోటలు కౌలుకు పట్టేవాడిని. ఇప్పుడు కొమ్మల కత్తిరింపు పనులు చేయిస్తూ, అడిగినవాళ్లకు సలహా చెబుతున్నాను. ఏటా వినాయక చవితి నుంచి సంక్రాంతి దాకా నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ ఈ గూళ్ల గురించే.

మీరు మొదట చేయాల్సింది ఒక గూడు దించి, నేల మీద పెట్టి విప్పి చూడటం. ఇది చేయకుండా ఎవరి మాటా నమ్మొద్దు, నా మాటతో సహా. పాత కాగితాలు జిగురుతో అతికించినట్టు ఎండాకులు ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి. నెమ్మదిగా విడదీస్తే మధ్యలో పలుచటి పట్టు సొరంగాలు కనిపిస్తాయి. ఆ దారాల్లో చిక్కుకుని నల్లటి గసగసాల్లాంటి గింజలు రాలుతాయి. అవి పురుగు రెట్టలు. లోపల సన్నటి లేత ఆకుపచ్చ పురుగు, ఒంటి మీద పొడవునా ముదురు చారలు, గోధుమరంగు తల. వేలితో తాకగానే వెనక్కి వెనక్కి జరిగిపోతుంది, విదిలించుకుని కింద పడుతుంది, ఒక్కోసారి నోటి కింద నుంచి తీసిన దారం పట్టుకుని గాల్లో వేలాడుతుంది. ఒక్కో గూట్లో ఒకటి కాదు, చాలాసార్లు నాలుగైదు పురుగులు ఉంటాయి.

ఇవి కనబడితే గూడు పురుగే. సాలెగూడు అయితే ఆకులు పచ్చగా ఉంటాయి, దారాల్లో చచ్చిన దోమలూ ఈగలూ చిక్కుకుని ఉంటాయి, ఆకును కొరికిన గుర్తు ఉండదు. ఆకులు పచ్చగా, అంచుకు అంచు తెల్లటి కాగితంతో కుట్టినట్టు బంతిలా ఉండి, తాకగానే ఎర్ర చీమలు బిలబిలా బయటికి వస్తే అది చీమల గూడు. చీమల గూడును మాత్రం దించకండి. అవి గూడు పురుగును వేటాడి తింటాయి. నారింజ తోటల్లో పురుగుల కోసం ఈ జాతి చీమల్ని పెంచే పద్ధతి చైనాలో దాదాపు 1700 ఏళ్ల కిందటే ఉంది. నా అనుభవంలో కూడా ఎర్ర చీమలు బాగా పట్టిన మామిడి చెట్టు మీద ఈ ఎండు గుత్తులు తక్కువ. కాయ కోసేటప్పుడు కుడతాయని మన కూలీలు వాటికి మందు చల్లించేస్తారు. అది చూసినప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

సాలీళ్లని మీ పక్కింటివాళ్లు అనడంలో తప్పు లేదు. చెట్లు మొత్తం తెల్ల దుప్పటి కప్పుకున్నట్టున్న ఫోటోలు ఫోన్లలో తిరుగుతుంటాయి. అందులో కొన్ని నిజంగానే సాలీళ్లవి. 2010లో పాకిస్తాన్ సింధ్‌లో వరదలొచ్చినప్పుడు నేలంతా మునిగి సాలీళ్లు లక్షల్లో చెట్లెక్కి అల్లినవి. ఇంకొన్ని యూరప్‌లోవి. అక్కడ అడవి చెర్రీ చెట్లను మే, జూన్ నెలల్లో ఒక రకం రెక్కల పురుగు పిల్లలు మాను నుంచి కొన దాకా పట్టుతో కప్పేస్తాయి. ఆకు మొత్తం తినేసి వెళ్లిపోతాయి, అదే వేసవిలో చెట్టు మళ్లీ చిగురు తొడుగుతుంది. అమెరికాలో పుట్టిన ఇంకో గూడు పురుగు 1940లో హంగరీకి, 1945లో జపాన్‌కు చేరి అక్కడి వీధి చెట్లను ఏడిపించింది. మన చెట్టు మీది పురుగు ఇవేవీ కాదు. మనది మామిడిని పట్టుకుని ఉండే సొంత పురుగు. కాకపోతే అన్నిటి పనితీరూ ఒకటే, అది అర్థమైతే మీ సమస్య సగం తీరినట్టే.

పట్టు ఎందుకు అల్లుతాయంటే, అది వాటి ఇల్లు. పట్టుపురుగు ఎలా నోటి కింది గ్రంథి నుంచి దారం తీసి గూడు కడుతుందో ఇదీ అంతే. తేడా ఏమిటంటే పట్టుపురుగు చివర్లో ఒక్కసారి కట్టుకుంటుంది, ఇది పిల్లప్పటి నుంచీ ఇంట్లోనే ఉండి తింటుంది. పిట్టకు కనబడదు, కందిరీగకు అందదు, ఎండ తగలదు. పక్కనున్న ఆకు తినాలంటే బయటికి రానక్కర్లేదు, ఆ ఆకునే దారంతో లోపలికి లాక్కుంటుంది. అందుకే గూడు రోజురోజుకీ పెద్దదవుతుంది.

ఇప్పుడు మందు సంగతి ఆలోచించండి. మీరు కింద నిలబడి పిచికారీ చేస్తే ఆ మందు ఎక్కడ పడుతుంది? ఎండిపోయిన పై ఆకు మీద. పురుగు ఆ ఆకును తినడం ఎప్పుడో మానేసింది. పట్టు మీద నీటి చుక్క నిలవదు, జారిపోతుంది. లోపలి పురుగుకు మందు వాసన కూడా తగలదు.

ఆనందపురం దగ్గర ఒక రైతు మూడెకరాల పాత బంగినపల్లి తోటలో ఇదే జరిగింది. అక్టోబరు నుంచి నాలుగుసార్లు మందు కొట్టించారు, ప్రతిసారీ దుకాణంలో ఇంకా ఘాటైనది ఇచ్చారు. నన్ను పిలిచేసరికి డిసెంబరు. ఆయన ఎదురుగానే మూడు గూళ్లు దించి విప్పాను. మూడింట్లోనూ పురుగులు హాయిగా కదులుతున్నాయి. ఆయన ముఖం పాలిపోయింది, అప్పటికే ఆ మందులకు పెట్టిన డబ్బు ఆయన చిన్న పంటకు చాలా పెద్ద మొత్తం. ఐదుగురు కూలీలను పెట్టి రెండు రోజులు దోటిలతో గూళ్లు దించాం. మందు కొట్టలేదు. తర్వాత జూన్‌లో కాయ కోత అయ్యాక నడి కొమ్మలు తీయించాం. ఆ ఏడాది చివర్లో తోటంతా తిరిగితే వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని గూళ్లే ఉన్నాయి.

ఇక పని ఎలా చేయాలో చెబుతాను.

పొద్దున్నే మొదలుపెట్టండి. చెట్టు కింద పాత టార్పాలినో చీరలో పరచండి, ఎందుకంటే కదిలించగానే సగం పురుగులు దారం పట్టుకుని కిందికి జారిపోతాయి. దోటి కొనకు కొడవలి బాగా పదును పెట్టుకుని, గూడు ఉన్న చిటారు కొమ్మను జానెడు మేర కోసేయండి. ఊరికే కెలికి గూడు చింపితే లాభం లేదు, రెండు రోజుల్లో మళ్లీ అల్లేస్తాయి. పూత పోతుందేమో అని భయపడకండి. గూడు పట్టిన కొమ్మ ఎలాగూ ఈ ఏడు పూయదు. అలాగని ఈ సీజన్లో పచ్చటి కొమ్మల జోలికి పోవద్దు. మన దగ్గర డిసెంబరు నుంచి పూత మొదలవుతుంది, ఇప్పుడు గట్టిగా కత్తిరిస్తే చెట్టు పూత మానేసి చిగురు వేస్తుంది.

కోసిన గూళ్లు చెట్టు కింద వదలొద్దు. కౌలు పట్టిన కొత్తలో నేను ఈ తప్పు చేశాను. పద్మనాభం దగ్గర ఒక తోటలో రెండు వందల చెట్ల గూళ్లు దింపించి, పాదుల్లోనే కుప్పలు పోయించాను, ఎండి ఎరువవుతాయి కదా అని. పురుగులు ఎండాకు వదిలి కొన్ని మళ్లీ చెట్టెక్కాయి, కొన్ని పాదు మట్టిలోకే దిగి ప్యూపాలయ్యాయి, అంటే రెక్కల పురుగుగా మారే ముందు కదలకుండా ఉండే దశకు చేరాయి. కూలి డబ్బు పోయింది, పురుగు మిగిలింది. ఇప్పుడు తోటల్లో అయితే దూరంగా గొయ్యి తీసి పూడ్పిస్తాను, పైన అడుగు మందాన మట్టి. మీలాంటి ఇంటి చెట్టుకు సులువైన దారి ఉంది. మందపాటి నల్ల పాలిథీన్ సంచుల్లో కుక్కి, మూతి బిగించి, మేడ మీద ఎండలో వారం రోజులు వదిలేయండి. టార్పాలిన్ మీద పడిన పురుగుల్ని సబ్బునీళ్ల బకెట్లో దులిపేయండి.

తర్వాత పాదు తవ్వండి. జానెడు లోతున గుల్ల చేసి తిరగేస్తే మట్టిలో ఉన్న ప్యూపాలు బయటపడతాయి. గోరింకలు, పికిలి పిట్టలు, ఇంట్లో కోళ్లుంటే అవీ మిగతా పని చూసుకుంటాయి.

పది రోజులాగి చెట్టు మళ్లీ చూడండి. గూళ్లు దించినా పైకి అందనివి, కొత్తగా గుడ్లు పొదిగినవి కొన్ని ఉంటాయి. చిన్న పురుగులు మొదట గుంపుగా ఆకు మీది పచ్చదనం గీకి తింటాయి, ఆకు జల్లెడలా పలచబడి గోధుమరంగుకు తిరుగుతుంది. అప్పటికి గూడు ఇంకా గట్టిపడదు. మందు పనిచేసేది ఆ దశలోనే. పెరటి చెట్టుకు నేను చెప్పేవి రెండే. వేపనూనె లీటరు నీటికి 5 మిల్లీలీటర్లు, అది నీళ్లలో కలిసేందుకు ఒక గ్రాము సబ్బు పొడి. లేదంటే బీటీ, అంటే బాసిల్లస్ తురింజెన్సిస్ అనే బ్యాక్టీరియా పొడి, లీటరుకు 1 నుంచి 2 గ్రాములు. బీటీని పురుగు తింటేనే పనిచేస్తుంది, తాకితే కాదు. అందుకని ఆకు రెండు వైపులా తడవాలి. ఎండకు దాని శక్తి పోతుంది కాబట్టి సాయంత్రం కొట్టాలి. ప్యాకెట్ మీద తేదీ చూసి కొనండి, పాతది కొడితే వట్టి నీళ్లు కొట్టినట్టే. తిన్న పురుగు వెంటనే చావదు, తిండి మానేసి రెండు మూడు రోజుల్లో చస్తుంది. కాబట్టి మర్నాడు పురుగు కదులుతోందని కంగారుపడి ఇంకో మందు కొట్టకండి.

తోటల రైతులు కూడా ఇది చదువుతారు కాబట్టి ఒక మాట. తోట మొత్తం పట్టేసినప్పుడు క్వినాల్‌ఫాస్ 25 ఇ.సి. లీటరుకు 2 మిల్లీలీటర్లు కొట్టమని చెబుతారు. అది కూడా గూళ్లు దించాకే, పూత రాకముందే. పూత మీద కొడితే తేనెటీగలు చస్తాయి, కాయ కట్టేది వాటివల్లా ఈగలవల్లా అని మర్చిపోకండి. మోతాదు, కోతకు ముందు ఆగాల్సిన రోజులు డబ్బా మీద చూసుకోండి, లేదంటే దగ్గరలోని రైతు సేవా కేంద్రంలో అడగండి. పాత పుస్తకాల్లో దీనికి కార్బరిల్ పొడి రాసి ఉంటుంది. అది మన దేశంలో 2018లో నిషేధించారు, ఎవరైనా పాత సరుకు అంటగడితే తీసుకోకండి. ఈ ఘాటు మందులేవీ ఇంటి పెరట్లో వద్దే వద్దు. కింద కరివేపాకు ఉంటుంది, పక్కన బావి ఉంటుంది, ఎదురింటి డాబా మీద బట్టలు ఆరేసి ఉంటాయి, పిల్లలు ఆడుకుంటారు. మన ఊళ్లో సముద్రపు గాలి వీస్తుంటే మీరు కొట్టిన మందు మీ చెట్టు కన్నా పక్కింటికే ఎక్కువ చేరుతుంది.

నిప్పు గురించి ఎందుకంత గట్టిగా చెబుతున్నానంటే, దాని ఫలితం కళ్లారా చూశాను. గాజువాక వైపు ఒక ఇంట్లో వెదురు గడకు కిరోసిన్ గుడ్డ చుట్టి గూళ్లు అంటించారు. ఎండాకు భగ్గున మండింది. కొమ్మల మీద బెరడు పలుచన, దాని కిందే చెట్టుకు ప్రాణం. మంట తగిలిన వైపు కొమ్మలన్నీ తర్వాతి వేసవికి ఎండిపోయాయి. పురుగు వల్ల ఒక ఏడాది కాపు పోయేది, మంట వల్ల సగం చెట్టు పోయింది.

పిల్లల భయం మీకు అక్కర్లేదు. మామిడి గూడు పురుగు కుట్టదు, దద్దుర్లు రావు. ఒంటి మీద పడితే దులిపేసుకోవడమే. కానీ మునగ చెట్టు మీది గొంగళి పురుగు వేరు. అది గూడు కట్టదు. వానలు మొదలయ్యాక పగలు మునగ మాను మీద దుప్పటి పరిచినట్టు గుంపుగా అతుక్కుని ఉంటుంది, రాత్రి పైకెక్కి ఆకు తింటుంది. దాని నూగు తగిలితే ఒళ్లంతా మంట. మీ పెరట్లో మునగ కూడా ఉంటే పిల్లల్ని అటు వెళ్లనివ్వకండి. నూగు గుచ్చుకుంటే రుద్దకండి, ప్లాస్టర్ టేపు అంటించి లాగితే నూగు దానితో వచ్చేస్తుంది, తర్వాత సబ్బుతో కడగండి. కంట్లో పడితే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ఇతర చెట్ల గురించి కూడా తరచూ అడుగుతారు. సపోటా చిగుళ్లను అల్లేసి మొగ్గలు తొలిచేది, జీడిమామిడి చిగురునూ పూతనూ గూడు కట్టేది వేర్వేరు పురుగులు, పద్ధతి మాత్రం ఇదే. మాను మీద, కొమ్మల పంగల్లో గోధుమరంగు రంపపు పొట్టు నాడాలాగా అతుక్కుని ఉంటే అది బెరడు తినే పురుగు. పగలు మానులోని కన్నంలో దాక్కుంటుంది, రాత్రి ఆ పట్టు కప్పు కింద నడుచుకుంటూ వెళ్లి బెరడు కొరుకుతుంది. ఆ నాడాను గోనెగుడ్డతో తుడిచేసి, కన్నంలోకి సన్నటి ఇనుప తీగ దూర్చి పురుగును పొడిచి, కిరోసిన్లో ముంచిన దూది పెట్టి బంకమట్టితో మూసేయాలి. కిరోసిన్‌కు చెట్టు మీద పని ఉంటే అదొక్కటే.

వచ్చే ఏడాది మళ్లీ రాకుండా ఏం చేయాలని మీరు అడగలేదు గానీ, నా దృష్టిలో ముఖ్యమైనది అదే. ఈ పురుగుకు చీకటి, చెమ్మ, ఒకదానికొకటి రాసుకునే ఆకులు కావాలి. వెలుతురు దూరే చెట్టు మీద తక్కువ, గుబురు చెట్టు మీద ఎక్కువ. మీరు పంపిన ఫోటోలో చెట్టు గొడుగులా ముడుచుకుని ఉంది, కింద మధ్యాహ్నం కూడా ఎండ పొడ కనిపించడం లేదు. ఇంటి చెట్టును నీడ పోతుందని ఎవరూ కత్తిరించరు. కాయ కోత అయిపోయాక, జూన్ నెలాఖరు నుంచి జులైలోపు, చెట్టు నడిబొడ్డున నిటారుగా పైకి లేచిన కొమ్మలు రెండో మూడో మొదలంటా తీయించండి. ఒకదాని మీద ఒకటి పడ్డ కొమ్మల్లో ఒకటి, ఎండు పుల్లలన్నీ తీయించండి. కోత మీద బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) పూయండి. చెట్టు కింద నిలబడి పైకి చూస్తే అక్కడక్కడా ఆకాశం కనబడాలి, అంతే లెక్క. ఆ తర్వాత జులై, ఆగస్టుల్లో వారానికొకసారి తలెత్తి చిగుళ్లు చూసుకోండి. జల్లెడ పడిన ఆకు కనబడితే అప్పుడే చేత్తో తుంచేయండి. ఆగస్టులో పది ఆకులు తుంచితే నవంబరులో వంద గూళ్లు దించే పని ఉండదు.

ఈ ఏడు కాపు తగ్గుతుంది, అది మాత్రం ఒప్పుకోవాలి. సగం కొమ్మలు పట్టేశాయన్నారు కాబట్టి ఆ సగం పూయవు. మిగతా సగం బాగానే ఉంటుంది. సంక్రాంతి పండగ దాటాక పూత ఎలా వచ్చిందో ఇక్కడే రాయండి.

ఇంకొక్క సంగతి. మీ ఫోటోలో కుడివైపు పై కొమ్మ కరెంటు తీగను ఆనుకుని ఉంది, దాని కొనకే పెద్ద గూళ్లు రెండు కనిపిస్తున్నాయి. ఆ కొమ్మ దగ్గరికి దోటి ఎత్తకండి, పచ్చి వెదురైనా సరే, ఇనుప గొట్టమైతే చెప్పక్కర్లేదు. లైన్‌మన్‌ను పిలిచి సప్లై ఆపించాకే ఆ రెండూ దించండి.